తోసినా జరగని హ్యాచ్

ఈసారి ఉత్తరం ఇంగ్లండ్ నుంచి వచ్చింది. రాసినావిడ తన పేరు వేయవద్దన్నారు. వయసు 36. పుట్టిల్లు రేపల్లె వైపు. భర్త రెడింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఆవిడ ఇంట్లోంచే అకౌంట్స్ పని చేస్తారు. వాళ్ళ ఇల్లు కాలువలో తేలే నారోబోట్. అద్దెలు కట్టలేక మూడేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. 57 అడుగుల పొడవు, 6 అడుగుల 10 అంగుళాల వెడల్పు, 1998లో కట్టిన స్టీలు పడవ. రెడింగ్‌కి పడమరగా, కెనెట్ అండ్ ఎవన్ కాలువ గట్టున కట్టేసి ఉంటుంది.

ఆవిడ బాధ ఆ పడవ వెనక ద్వారం గురించి. ఈ పడవలు చూడని పాఠకుల కోసం రెండు మాటలు చెబుతాను. ఇంగ్లండ్‌లో 18వ శతాబ్దంలో తవ్విన చాలా కాలువల లాకులు ఏడడుగుల వెడల్పే ఉంటాయి. గోదావరి, కృష్ణా కాలువల పక్కన పెరిగిన వాళ్ళకి లాకులంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి: నీటిమట్టం మారే చోట పడవని ఎక్కించడానికీ దించడానికీ ముందూ వెనకా గేట్లు పెట్టి కట్టిన నీళ్ళ గది. ఆ లాకుల్లో పట్టాలి కాబట్టి పడవలు సన్నగా ఉంటాయి. లోపలికి వెనకనుంచి దిగాలంటే రెండు చిన్న తలుపులు తీస్తే సరిపోదు. వాటి పైన కప్పులో ఒక చదరపు ఖాళీ, దాని మీద స్టీలు మూత ఉంటాయి. ఆ మూతే హ్యాచ్. కప్పు మీద రెండు ఇనుప పట్టాలుంటాయి. వాటి మీద ముందుకు తోస్తే తెరుచుకుంటుంది, వెనక్కి లాగితే మూసుకుంటుంది.

ఆవిడ ఇలా రాశారు: "కొన్నప్పుడు హ్యాచ్ కొంచెం గట్టిగానే ఉండేది కానీ నేను తీయగలిగేదాన్ని. కిందటి వేసవిలో మా ఆయన సెలవు పెట్టి కప్పు అంతా గీకి, ప్రైమర్ నుంచి మెరుపు రంగు దాకా ఆరు పూతలు వేశారు. నడిచేచోట కాలు జారకుండా ఇసుక కలిపిన పెయింట్ కూడా వేశారు. అక్టోబరు నుంచి హ్యాచ్ బిగుసుకోవడం మొదలైంది. సగం దాకా వచ్చి ఎడమవైపు పట్టేస్తుంది. ఆయన ప్రతి ఆదివారం స్ప్రే నూనె కొడతారు. రెండు రోజులు బాగుంటుంది, తర్వాత ముందుకంటే గట్టిపడుతుంది. జనవరిలో ఒక ఉదయం మంచుకి పూర్తిగా అతుక్కుపోయింది. ఆయన అప్పటికే ఆఫీసుకి వెళ్ళిపోయారు. ముందు తలుపుకి అడ్డంగా సైకిలు, బొగ్గు బస్తాలు ఉన్నాయి. వాటిని ఈడ్చి బయటపడేసరికి అరగంట పట్టింది. నాకు కుడి భుజం పట్టేసింది, డాక్టరు ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. ఆయనతో చెబితే 'గట్టిగా తోయి, అలవాటవుతుంది' అంటారు. ఇంకోసారి అంటే, పెయింట్ వేసిన కష్టమంతా నాకు కనపడలేదని బాధపడతారు. పక్క పడవ పెద్దాయన ఇత్తడి పట్టీలు వేయమంటాడు, ఇంకొకరు నైలాన్ అంటారు, మరొకరు చక్రాలు పెట్టమంటారు. పడవలు బాగుచేసే బోట్‌యార్డులో 450 పౌండ్లు అడిగారు. మే నెలలో మా నాన్నగారు వస్తున్నారు, ఆయనకి మోకాళ్ళ నొప్పులు. మొత్తంగా పడవ అమ్మేద్దామా అనిపిస్తోంది. నేను అతి చేస్తున్నానా?"

కొలతలు కూడా పంపారు: మూత 70 సెంటీమీటర్ల పొడవు, 75 వెడల్పు, 4 మిల్లీమీటర్ల రేకు. పట్టుకునే పిడి కుడి చివర ఉంది. నవంబరులో లోపల ఎడమ గోడకి వాషింగ్ మెషిన్ పెట్టించారు. బొగ్గు బస్తాలు కొన్ని కప్పు మీద ఎడమవైపే ఉంటాయి.

మీరు అతి చేయడం లేదు. నేను, మా వారు తొమ్మిదేళ్ళు గ్రాండ్ యూనియన్ కాలువ మీద 60 అడుగుల పడవలో ఉన్నాం. మీరు రాసిన ప్రతి వాక్యం నా చేతులకి గుర్తుంది. కానీ హ్యాచ్ సంగతికి వెళ్ళేముందు ఆ జనవరి ఉదయం గురించి మాట్లాడాలి.

నారోబోట్‌లో స్టవ్ సాధారణంగా ముందు గదిలో ఉంటుంది. నిప్పు అక్కడ అంటుకుంటే ముందు తలుపు వైపు వెళ్ళలేరు. అంటే ముందు తలుపు పనికిరాని రోజున మీకు మిగిలేది వెనక హ్యాచ్ ఒక్కటే. ఆ హ్యాచ్ తెరుచుకోని రోజున మిగిలేది ముందు తలుపు ఒక్కటే. మీకు ఆ ఉదయం రెండూ లేవు. ఏ ప్రమాదమూ జరగలేదు కాబట్టి అది ఒక చిరాకు పుట్టించిన ఉదయంగా గడిచిపోయింది. ఈ ఉత్తరం చదివిన రోజే సైకిలునీ బస్తాలనీ ముందు తలుపు దగ్గర్నుంచి తీసేయండి. ఇది మీ వారితో చర్చించాల్సిన విషయం కాదు, చేసేయాల్సిన పని. లోపల మనిషి ఉండగా బయటనుంచి హ్యాచ్‌కి తాళం వేయడం మీ ఇంట్లో అలవాటైతే అదీ ఈ రోజే ఆపాలి.

హ్యాచ్ ఎంత తేలిగ్గా జరగాలన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. పడవలో అందరికంటే బలం తక్కువున్న మనిషి, పొగలో, కంగారులో, ఒక చేత్తో తీయగలగాలి. మీ వారి భుజబలం కొలత కాదు. ఇవాళ్టికి మీ ఎడమ చెయ్యి కొలత. మే నెలలో మీ నాన్నగారి చెయ్యి కొలత.

కొలత అన్నాను కదా, నిజంగానే కొలవండి. విదేశంలో ఉండే తెలుగువాళ్ళ ఇంట్లో సూట్‌కేసు 23 కిలోలు దాటిందో లేదో చూసుకునే చేతి తూనిక ఒకటి తప్పకుండా ఉంటుంది. దాని కొక్కేన్ని హ్యాచ్ పిడికి తగిలించి, మూసే వైపుకి నిదానంగా లాగండి. మూత కదలడం మొదలైనప్పుడు ఎన్ని కిలోలు చూపించిందో రాసుకోండి. మధ్యలో పట్టేసే చోట ఎంతో రాసుకోండి. తర్వాత మూతకి సరిగ్గా నడుమ ఒక గట్టి తాడు కట్టి అక్కణ్ణుంచి లాగి మళ్ళీ చూడండి. మీరు పంపిన కొలతల ప్రకారం పై రేకు ఒక్కటే పదహారున్నర కిలోలు. పక్క అంచులు, లోపలి చెక్క కలిపితే ఇరవై దాటుతుంది. శుభ్రంగా ఉన్న పట్టాల మీద అంత బరువు జరపడానికి నాలుగైదు కిలోల లాగుడు చాలు. మీ దాంట్లో పదో, పన్నెండో చూపిస్తే ఆశ్చర్యపోను. "గట్టిగా ఉంది", "లేదు, బాగానే ఉంది" అని ఇద్దరూ వాదించుకునే బదులు కాగితం మీద ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఎవర్నీ తప్పు పట్టదు. మీ వారు సాఫ్ట్‌వేర్ మనిషి అన్నారు కదా, ముందు కొలిచి, సరిచేసి, మళ్ళీ కొలవడం ఆయనకి అలవాటైన దారే.

ఇప్పుడు అసలు చిక్కు. మీ హ్యాచ్‌కి ఒక జబ్బు కాదు, నాలుగు ఒకేసారి వచ్చాయి. అందుకే ఒక్కొక్కరు ఒక్కో మందు చెబుతున్నారు.

అన్నిటికంటే పెద్దది పెయింట్. మూత పక్క అంచుకీ పట్టాకీ మధ్య ఉండాల్సిన సందు చాలా పడవల్లో ఒకటి రెండు మిల్లీమీటర్లే. ఆరు పూతలంటే ఒక్కో ముఖం మీద దాదాపు పావు మిల్లీమీటరు మందం. పట్టాకి రెండు ముఖాలు, పట్టాలు రెండు, మూత లోపలి అంచులకి కూడా రంగు పడితే అవి మరో రెండు. మొత్తం కలిపితే సందు సగానికి పైగా పోయినట్టే. దానికి తోడు ఇసుక పెయింట్ చుక్కలు పట్టాల అంచు మీద పడి ఉంటే, మూత రోజూ గరుకు కాగితం మీద నడుస్తున్నట్టే. ఇంకొకటి చూడండి. పట్టా చివర్లో కానీ, దాని అడుగున కానీ వాన నీళ్ళు పోవడానికి చిన్న గాడి ఉంటుంది. అది రంగుతో పూడుకుపోయిందా? జనవరిలో మూత అతుక్కుపోయిందంటే పట్టా పక్కన నీళ్ళు నిలిచి గడ్డకట్టాయన్నమాట. నిలిచిన నీళ్ళే తుప్పు కూడా తెస్తాయి.

రెండోది ఆ స్ప్రే నూనె. మీ వారు ప్రేమతోనే కొడుతున్నారు, కానీ అదే హాని చేస్తోంది. పొగగొట్టం నుంచి రాలే బొగ్గు మసి, చెట్ల జిగురు, గట్టు మీది దుమ్ము అన్నీ ఆ నూనెలో కలిసి రుబ్బిన ముద్దలా తయారవుతాయి. రెండు రోజులు బాగుండి తర్వాత ముందుకంటే గట్టిపడుతోందని మీరు గమనించింది అక్షరాలా ఇదే. మేము మొదటి ఏడాది ఇదే పొరపాటు ఇంకా పెద్దగా చేశాం. తణుకులో మా నాన్నగారి దుకాణం షట్టర్‌కి ఏటా దసరా ముందు గ్రీజు పెట్టేవారు. ఆ జ్ఞాపకంతో నేనే పట్టాల నిండా గ్రీజు కూరాను. షట్టర్ గాడి నిలువుగా, గోడలో దాగి ఉంటుంది. హ్యాచ్ పట్టా ఆకాశం కింద పడుకుని ఉంటుంది. ఆ తేడా నాకు తట్టలేదు. మార్చి వచ్చేసరికి నల్లటి ముద్దని పుల్లతో గీకి తీయాల్సి వచ్చింది, లోపల మెట్ల మీద పరిచిన తివాచీ కూడా పాడైంది.

మూడోది పిడి. కుడి చివర పట్టుకుని తోస్తే కుడి పక్క ముందుకి వెళ్తుంది, ఎడమ పక్క వెనకబడుతుంది, మూత ఐమూలగా తిరిగి పట్టాల మధ్య ఇరుక్కుంటుంది. పాత బీరువా సొరుగుని ఒక పక్కనుంచి లాగితే ఏమవుతుందో గుర్తు తెచ్చుకోండి. మీ మూత పొడవు కంటే వెడల్పు ఎక్కువ, అలాంటి ఆకారానికి ఈ రోగం తొందరగా వస్తుంది. ఇందులో మీకో శుభవార్త కూడా ఉంది. తాడు నడుమ కట్టి లాగినప్పుడు తూనిక అంకె బాగా తగ్గితే, సగం సమస్య ఒక్క పిడి మార్చడంతో పోతుంది.

నాలుగోది ఒరుగుడు. వాషింగ్ మెషిన్ 70 కిలోల దాకా ఉంటుంది. పైన బొగ్గు బస్తా ఒక్కోటి పాతికో, ఇరవయ్యో కిలోలు. అన్నీ ఎడమవైపే. కప్పు మీద రసమట్టం అడ్డంగా పెట్టి చూడండి. అది లేకపోతే గిన్నెలో నీళ్ళు పోసి చూసినా తెలుస్తుంది. పడవ ఎడమకి ఒరిగితే మూత ఎడమ పట్టాకి ఆనుకుని నడుస్తుంది. ఒరుగుడు ఒక్కటే ఉంటే ఇంత ఇబ్బంది పెట్టదు. రంగు మందంగా ఉన్న ముఖానికే ఆనుకుంటోంది కాబట్టి పెడుతోంది. బస్తాలు కుడివైపుకి మార్చడానికి పది నిమిషాలు చాలు, ఈ ఆదివారమే చేయవచ్చు. అలాగే ముందున్న మంచినీళ్ళ ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ పడవ ముక్కు లేస్తుంది, అప్పుడు హ్యాచ్‌ని ఎత్తు మీదికి తోస్తున్నట్టవుతుంది. నీళ్ళు అయిపోవచ్చే రోజుల్లో మరీ కష్టంగా ఉందనిపిస్తే అది మీ భ్రమ కాదు.

ఇక ఏం చేయవచ్చో చూద్దాం.

అన్నిటికంటే చవకైన దారి, ఉన్నదాన్ని శుభ్రం చేయడం. వాన లేని రెండు రోజులు కావాలి, ఇద్దరు మనుషులు కావాలి. ఆ ఇద్దరిలో మీరు ఉండకూడదు, ఆ భుజంతో ఇరవై కిలోల మూత ఎత్తకూడదు. పట్టాల ముందు చివర అడ్డుబిళ్ళ ఉంటుంది. బోల్టుతో బిగించినదైతే విప్పి, మూతని ముందుకి జరిపి పూర్తిగా బయటికి తీయవచ్చు. వెల్డింగ్ చేసినదైతే అక్కడ ఆగండి. గ్రైండర్‌తో కోయడం, కప్పు మీద వెల్డింగ్ చేయడం మీ వారు సొంతంగా చేయవద్దు. ఈ పడవల కప్పు అడుగున చాలాసార్లు చలి ఆపే ఫోమ్ ఉంటుంది. పైన వేడి తగిలితే లోపల కనపడకుండా అంటుకుంటుంది, దాని పొగ విషం. అంతవరకు వస్తే ఆ ముక్క పని బోట్‌యార్డుకే ఇవ్వాలి.

మూత తీశాక పట్టాల పై ముఖం, మూత పక్క అంచు తగిలే ముఖం, మూత అడుగున ఆనే అంచులు, ఈ మూడు చోట్ల మాత్రమే రంగు గీకేయాలి. కప్పు మీది రంగు ముట్టుకోనక్కర్లేదు, మీ వారి కష్టం ఎక్కడికీ పోదు. పాత నూనె ముద్దని వైట్ స్పిరిట్‌తో (రంగు పలచన చేసే ద్రవం) తుడిచి, వైర్ బ్రష్‌తో తుప్పు తీసి, ఎమెరీ కాగితంతో నున్నగా చేయాలి. ముక్కుకి మాస్కు, కళ్ళకి అద్దాలు తప్పనిసరి. నీళ్ళు పోయే గాడి తెరవాలి. మూత తీసి ఉన్నప్పుడే రెండు ఐమూల కొలతలు తీసుకోండి. రెండూ సమానంగా ఉంటే మూత చదరంగా ఉన్నట్టు. పట్టాల మధ్య దూరం కూడా ముందు, నడుమ, వెనక మూడుచోట్ల కొలవండి. నడుమ ఎక్కడైనా తగ్గితే, సగంలో పట్టేయడానికి కారణం అక్కడే ఉంది. ఎవరో ఎప్పుడో దాని మీద కాలేసి ఉండవచ్చు, లాకు గోడకి తగిలి ఉండవచ్చు. వంకర తీయడం మళ్ళీ బోట్‌యార్డు పనే.

శుభ్రమైన స్టీలు మీద పల్చగా ఒకే పూత ప్రైమర్ వేసి, పూర్తిగా ఆరాక తెల్ల కొవ్వొత్తిని గట్టిగా రుద్దండి. మన ఇళ్ళలో వర్షాకాలం ఉబ్బిన తలుపుకి రుద్దినట్టే. మైనం పొడిగా ఉంటుంది, దుమ్ము పట్టదు, నీళ్ళని నిలవనివ్వదు. కాబట్టి మంచుకి అతుక్కోవడం కూడా తగ్గుతుంది. పొడి టెఫ్లాన్ స్ప్రే కూడా ఇదే పని చేస్తుంది. ఈ దారికి ఖర్చు దాదాపు లేదు. ఇబ్బంది ఏమిటంటే రాపిడికి ఆ ప్రైమర్ అరిగిపోతుంది, తుప్పు తిరిగి వస్తుంది. రెండు మూడు నెలలకోసారి తుడిచి మైనం రుద్దడం మర్చిపోతే ఏడాదిలో మళ్ళీ మొదటికే వస్తారు.

పక్క పడవ పెద్దాయన చెప్పిన ఇత్తడి మాట నిజమైనది. స్టీలు పట్టా మీద 3 మిల్లీమీటర్ల ఇత్తడి పట్టీ పరిస్తే మూత తుప్పు పట్టని ముఖం మీద నడుస్తుంది. ఏళ్ళ తరబడి ఉంటుంది, వాడేకొద్దీ నునుపెక్కుతుంది. కానీ తడిలో ఇత్తడీ స్టీలూ నేరుగా తగిలితే అక్కడ స్టీలుని తుప్పు తొందరగా తినేస్తుంది. అందుకని పట్టాకి బాగా ప్రైమర్ వేసి, ఆరనిచ్చి, సందు లేకుండా పాలీయురేథేన్ సీలెంట్ (నీళ్ళు చొరకుండా పూసే ముద్ద) పరిచి దాని మీద పట్టీ కూర్చోబెట్టాలి. స్క్రూ తలలు ఇత్తడిలోకి పూర్తిగా దిగాలి, వెంట్రుకవాసి పైకి ఉన్నా మూత దానికే తగులుతుంది. డ్రిల్లు బిట్‌కి టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోవాలి. లేకపోతే పట్టా దాటి కప్పుకే చిల్లు పడుతుంది, తర్వాత ప్రతి వానా మీ మెట్ల మీద పడుతుంది. ఇంకొకటి, పట్టీ వేస్తే మూత 3 మిల్లీమీటర్లు లేస్తుంది. మూత పైకి ఊడిపోకుండా దాని అంచుల కింద పట్టాని పట్టుకునే చిన్న మడత ఉంటుంది. అక్కడ అంత ఖాళీ ఉందో లేదో ముందే చూడాలి. లేకపోతే పైన జారుడు, కింద బిగింపు.

నైలాన్ అన్నవాళ్ళు సగం సరిగ్గా చెప్పారు. ప్లాస్టిక్ జారుడే, కానీ నైలాన్ నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. ఎండాకాలం సరిగ్గా సరిపోయిన పట్టీ నవంబరుకి పట్టేస్తుంది. మాకు ఒక దుకాణంలో నైలానే మంచిదని ఇచ్చారు, ఒక్క చలికాలంలోనే తీసి పారేశాం. అసిటాల్ అనే రకం, డెల్రిన్ అన్న పేరుతో కూడా దొరుకుతుంది, నీళ్ళు చాలా తక్కువ పీలుస్తుంది. ఈ మూడింటిలో ఎక్కువ జారేది గట్టి రకం పాలిథిన్, దాన్ని యూహెచ్‌ఎమ్‌డబ్ల్యూ అంటారు. కానీ దానికి ఏ జిగురూ సరిగ్గా అంటదు, స్క్రూలే గతి. పైగా వేడికి పెరుగుతుంది. మీటరు పొడవు పట్టీ 30 డిగ్రీల తేడాకి ఐదారు మిల్లీమీటర్లు సాగుతుంది. చిల్లులు గుండ్రంగా వేస్తే మొదటి ఎండకే అలలా లేస్తుంది, పొడుగు చిల్లులు వేయాలి. ఏ ప్లాస్టిక్ అయినా ఎండలో ఉండే పట్టా మీద కాకుండా, నీడలో ఉండే మూత అడుగున పెడితే ఎక్కువ కాలం ఉంటుంది.

చక్రాలు పెట్టమన్నవారి మాట మాత్రం నాకు నచ్చలేదు. వేలితో తోస్తే జరుగుతుంది, అది నిజం. కానీ లాకులో నీళ్ళు దిగేటప్పుడు పడవ గోడకి తగిలి కుదుపు వస్తుంది. అప్పుడు ఇరవై కిలోల మూత తనంతట తాను పరిగెత్తుతుంది. ఆ క్షణంలో మీ నాన్నగారు దాని అంచు పట్టుకుని మెట్టు దిగుతుంటే? చక్రాలే కావాలనుకుంటే తెరిచిన చోటా మూసిన చోటా మూతని ఆపే గట్టి కొక్కెం ఉండి తీరాలి. స్టెయిన్‌లెస్ బేరింగులు కాకపోతే రెండేళ్ళలో అవీ తుప్పు పడతాయి. చప్పుడు కూడా ఎక్కువ.

నేనైతే ఏం చేస్తానని అడిగితే: మొదట శుభ్రం చేసి, మైనం రుద్ది, పిడి నడుమకి మార్చి ఒక నెల చూస్తాను. తూనిక ఐదు కిలోల లోపు చూపిస్తే అక్కడితో ఆపేస్తాను. అంతకి దిగకపోతే పట్టాల మీద ఇత్తడి, మూత అడుగున నాలుగు మూలలా చిన్న అసిటాల్ ముక్కలు వేయిస్తాను. మూల ముక్కలైతే మధ్యలోంచి నీళ్ళూ దుమ్మూ బయటికి పోతాయి. బోట్‌యార్డుకి ఇస్తే తప్పేమీ లేదు, కానీ వాళ్ళు అడిగిన 450 పౌండ్లు దేనికో రాయించుకోండి. పట్టాలు సరిచేయడం, అడ్డుబిళ్ళని బోల్టుకి మార్చడం అందులో ఉంటే న్యాయమైన ఖర్చే. కేవలం రంగు గీకి శుభ్రం చేయడానికైతే అది మీ వారు చేయగల పని.

ఏ దారి పట్టినా మూత కొంచెం లేచి సందులోంచి గాలి రావచ్చు. చిన్న బ్రష్ పట్టీ వేసుకోండి, ఫర్వాలేదు. కానీ చలికి తట్టుకోలేక తలుపుల్లోనో కప్పులోనో ఉన్న గాలి రంధ్రాలు మాత్రం మూయవద్దు. స్టవ్ వెలిగే పడవలో అవి ఊపిరి. కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ కూడా ఈ వారమే నొక్కి చూడండి.

మీ భుజం సంగతి. ఫ్రోజెన్ షోల్డర్ తగ్గడానికి చాలామందికి ఏడాది పైన పడుతుంది, కొందరికి రెండు మూడేళ్ళు కూడా. అలవాటుతో తగ్గేది కాదు. హ్యాచ్ బాగయ్యే వరకు తల పైకి చేతులెత్తి తోయడం మానేయండి. నడుమ కట్టిన తాడు అలాగే ఉంచుకుని, మూసేటప్పుడు ఎడమ చేత్తో పట్టుకుని ఒంటి బరువుతో వెనక్కి వంగండి. ఉదయం మీ వారు వెళ్ళేముందు, వాన లేని రోజున, హ్యాచ్ ఒక జానెడు తెరిచి ఉంచి వెళ్ళమనండి. మంచు పడే రాత్రులు పట్టాలని పొడి గుడ్డతో తుడిచి మూయండి. పొద్దున్నే అతుక్కుంటే మరిగే నీళ్ళు పోయవద్దు, ఆ నీళ్ళే మళ్ళీ గడ్డకడతాయి.

ఇక మీ ఇద్దరి మధ్య మాట. సెలవు పెట్టి ఆరు పూతలు వేసిన మనిషికి "నీ పెయింట్ వల్లే" అన్న మాట వినపడితే ఇంకేమీ వినపడదు. ఆ మాట నిజమైనా అవసరం లేదు. తూనిక ఆయన చేతికివ్వండి. "నాకు ఎడమ చేత్తో ఐదు కిలోలే లాగగలిగే శక్తి ఉంది, హ్యాచ్‌ని ఐదుకి దించగలవా" అని అడగండి. జనవరి ఉదయం మీరు అరగంట ఎలా గడిపారో కోపంలో కాకుండా ఒక సాయంత్రం కూర్చుని పూర్తిగా చెప్పారా? మీ ఉత్తరం చదివితే చెప్పలేదనిపించింది. "హ్యాచ్ గట్టిగా ఉంది" అన్నదే ఆయన విన్నారు. "నేను లోపల ఇరుక్కుపోయి భయపడ్డాను" అన్నది బహుశా వినలేదు. ఇవి రెండూ వేరు వేరు మాటలు. రెండోది విని కూడా ఆయన "అలవాటవుతుంది" అంటే అప్పుడు సమస్య హ్యాచ్‌ది కాదు, నాకు మళ్ళీ రాయండి, వేరేగా మాట్లాడుకుందాం. ఆయన చేయనంటే, చేస్తానని వాయిదా వేస్తుంటే, బోట్‌యార్డుకి మీరే ఫోన్ చేయండి. మీరూ సంపాదిస్తున్నారు, ఆ ఇంట్లో పగలంతా ఉండేది మీరు.

అమ్మడం గురించి హ్యాచ్ మీది కోపంతో నిర్ణయించవద్దు. చలికాలం చివర్లో పడవ మీద ఎవరికీ ప్రేమ ఉండదు, మాకూ ప్రతి ఫిబ్రవరిలో అమ్మేద్దామనే అనిపించేది. ఇరుకు, తడి, ఒంటరితనం మిమ్మల్ని నిజంగా కుంగదీస్తుంటే అది మంచి కారణమే. అప్పుడు వేసవిలో తీరిగ్గా అమ్మండి. ఎలాగూ కొనడానికి వచ్చినవాడు పడవలో మొట్టమొదట ముట్టుకునేది ఈ హ్యాచ్‌నే కాబట్టి దీన్ని బాగుచేసిన ఖర్చు ఎక్కడికీ పోదు. ఉండిపోవాలనుకుంటే, పిడి మారిన హ్యాచ్‌తో ఒక వసంతం గడిపి చూడండి.

మే నెలకి ఇంకో చిన్న పని ఉంది. మెట్లు దిగేటప్పుడు మనిషి చెయ్యి తెలియకుండానే హ్యాచ్ అంచు మీదికే వెళ్తుంది. బాగా జారే హ్యాచ్ అయితే అది చేతితో పాటే జరుగుతుంది. అందుకని తలుపు పక్కన లోపలి గోడకి, మీ నాన్నగారి నడుం ఎత్తులో, కదలని పిడి ఒకటి బిగించండి. మూత తెరిచినప్పుడు ఆగడానికి చిన్న కొక్కెం పెట్టండి. ఆయన వచ్చిన మొదటి రోజు రాత్రి, అందరూ పడుకునేముందు, దీపం లేకుండా ఆయన చేతనే ఒకసారి హ్యాచ్ తీయించి చూడండి.